సింకు పోయిందా, మెరుపు పోయిందా?



ఈ పూట వంటింటి సింకు గురించి మాట్లాడుకుందాం. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో రేడియో వింటున్నవాళ్లు ఒక్కసారి మీ వంటింటి వైపు చూడండి. గృహప్రవేశం నాడు తళతళలాడిన సింకు ఇప్పుడు ఎట్లా ఉంది? అడుగున తెల్లటి పొర కట్టి ఉంటుంది. మూలల్లో గోధుమరంగు మరకలుంటాయి. బోళ్లు రాసుకుని గీతలు పడి ఉంటాయి. ఎంత తోమినా మసకగానే కనిపిస్తుంది. పండగ దగ్గరికి వచ్చిందంటే ఇంట్లో మాట మొదలవుతుంది. "ఈ సింకు తీసేసి కొత్తది పెట్టిద్దాం" అంటారు ఒకరు. "ఎందుకు? పాలిష్ పట్టిస్తే సరిపోదా?" అంటారు ఇంకొకరు.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఎవరి మాట వినాలన్నది మాత్రం ఆ సింకే చెప్పాలి. దాన్ని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. పోయింది పై మెరుపా, లోపలి లోహమా? మెరుపు పోతే తిరిగి తెచ్చుకోవచ్చు. లోహం పోతే మార్చుకోవాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ ప్రసంగం అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మన పెద్దవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించే రోజులు గుర్తున్నాయా? వీధి చివర గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తి ఊదుతూ కూర్చునేవాడు కళాయి వేసే మనిషి. కాలిన గిన్నెలో నవాసాగరం చల్లి, తగరం పూసి, గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపల వెండిలా మెరిసేది. అయితే అతను కళాయి వేసే ముందు గిన్నెను ఎత్తి వెలుతురుకు అడ్డం పెట్టి చూసేవాడు. వేలితో అడుగు నొక్కేవాడు. చిల్లు ఉంటే ముందు మాటు వేయాలనేవాడు. అడుగు పల్చబడిపోతే, "అమ్మా, దీనికి కళాయి దండగ, పాత ఇత్తడి కింద వేసేయండి" అని చెప్పేవాడు. సింకు విషయంలోనూ మనం చేయాల్సిన పని అదే. ముందు వెలుతురులో చూడాలి. ఆ తర్వాతే డబ్బు తీయాలి.

ఇక్కడ స్టీలుకు ఉన్న గొప్ప గుణం ఒకటి చెప్పాలి. ఇత్తడికి పైన తగరం పూయాలి. స్టీలుకు ఏ పూతా అక్కర్లేదు. తన పూతను తానే వేసుకుంటుంది. అదెట్లా అంటే, స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం అనే లోహం కనీసం 10.5 శాతం కలుపుతారు. ఈ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన ఒక పొర కడుతుంది. కంటికి కనిపించనంత పల్చటి పొర. తుప్పును ఆపేది అదే. గీత పడి ఆ పొర చిరిగితే, శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. గాలి తగిలితే చాలు, పొర మళ్లీ కట్టుకుంటుంది. అందుకే స్టీలు సింకును రుద్ది, పాలిష్ పట్టి, కొత్తదానిలా చేసుకోవడం వీలవుతుంది. లోపల లోహం గట్టిగా ఉన్నంతకాలం ఆ అవకాశం మన చేతిలోనే ఉంటుంది.

ఇప్పుడు మూడు ఊళ్లలో మూడు ఇళ్లు ఊహించుకుందాం.

మొదటి ఇల్లు కోదాడలో ఉందనుకోండి. ఇంట్లో బోరు నీళ్లు. సింకు అడుగంతా తెల్లగా, గరుగ్గా ఉంది. గోరుతో గీకితే పొడి రాలుతోంది. ఇంటివాళ్లు సింకు పాడైపోయిందనే అనుకున్నారు. నిజానికి అది సింకుకు సంబంధించిన జబ్బు కాదు. నీళ్లు తెచ్చిపెట్టిన గార. కోదాడకు దగ్గర్లో ఉన్న మేళ్లచెరువు, మఠంపల్లి వైపు అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకు వచ్చాయి? అక్కడి నేలలో సున్నపురాయి ఉంది కాబట్టి. అట్లాంటి నేలలోంచి ఊరిన నీళ్లలో సున్నం కరిగి ఉంటుంది. రాతి నేలల్లో లోతుగా వేసిన బోర్లలోనూ ఈ కఠినత్వం ఎక్కువగానే కనిపిస్తుంది. తాగే నీళ్లలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా సరిపెట్టుకోవచ్చంటుంది. మీ నీళ్లు గట్టివో కావో తెలుసుకోవడానికి పరీక్ష కూడా అక్కర్లేదు. సబ్బుకు సరిగ్గా నురగ రాకపోతే, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడితే, అవి గట్టి నీళ్లే. సింకులో నీటి చుక్క ఆరిపోతుంది. అందులోని సున్నం అక్కడే ఉండిపోతుంది. రోజుకు వంద చుక్కలు. ఏళ్ల తరబడి. అదే ఆ తెల్లటి పొర.

ఈ గారను వదిలించడానికి కొత్త సింకు ఎందుకు? కిరాణా కొట్లో వెనిగర్ దొరుకుతుంది. నిమ్మ ఉప్పు దొరుకుతుంది. ఒక పాత గుడ్డను వెనిగర్‌లో తడిపి గార మీద పరవండి. లేదా గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కరిగించి, ఆ నీళ్లలో గుడ్డ ముంచి వేయండి. పావుగంట, ఇరవై నిమిషాలు వదిలేయండి. సన్నటి బుడగలు లేస్తాయి. సున్నం కరుగుతోందన్నమాట. మెత్తటి పీచుతో రుద్ది, బాగా కడిగి, పొడిగుడ్డతో తుడవండి. మొండి గార అయితే మర్నాడు ఇంకోసారి చేయండి. చాలా ఇళ్లలో ఇక్కడితోనే సమస్య తీరిపోతుంది. మారుద్దామనుకున్న సింకు ఇంకా ఎన్నో ఏళ్లు నడుస్తుంది.

ఇక్కడ రెండు హెచ్చరికలు. జాగ్రత్తగా వినండి. మొదటిది, వెనిగర్‌ను గానీ నిమ్మ ఉప్పును గానీ బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపకండి. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులకు ప్రమాదం. రెండోది, మీ వంటగట్టు కడప బండదైతే, షాబాదు బండదైతే, వెనిగర్‌ను బండ మీద పడనివ్వకండి. ఆ బండలు సున్నపురాళ్లే. సింకు మీది గారను కరిగించే పులుపు, బండ నునుపును కూడా తినేస్తుంది. గుడ్డను సింకు లోపలే ఉంచండి. చుక్క పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి.

ఇక గోధుమరంగు మరకలు. "స్టీలుకు తుప్పు పట్టింది" అని భయపడతాం. చాలాసార్లు ఆ తుప్పు సింకుది కాదు. బోళ్లు తోమే ఇనుప పీచుది. పీచులోంచి సన్నటి ముక్కలు రాలి, తడిలో ఉండిపోయి, తుప్పు పట్టి, మరకలవుతాయి. కొన్నిసార్లు రాత్రంతా తడి సింకులో పడి ఉన్న ఇనుప పెనం వల్ల వస్తాయి. తినే సోడాను కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, మెత్తటి గుడ్డతో రుద్ది చూడండి. మరక పోయి, కింద నున్నటి స్టీలు కనిపించిందా? సింకు క్షేమం. మరక పోయాక కింద సూదితో పొడిచినట్టు గుంట కనిపించిందా? దాని సంగతి వేరు. మూడో ఇంటి దగ్గర చెబుతాను.

గీతల మాటకొస్తే, అవి అందరి సింకుల్లోనూ పడతాయి. మీ సింకు మీద సన్నటి గీతలు ఒకే దిక్కున వరుసగా ఉంటే, అది మాట్ రకం. దీన్ని ఇంట్లోనే రుద్దుకోవచ్చు. పెయింటర్లు వాడే వాటర్ పేపర్ తీసుకోండి. దాని మీద నంబరు ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు. ముందు 400, తర్వాత 600, చివర 800. తడుపుతూ, సింకు గీతలు ఏ దిక్కున ఉన్నాయో అదే దిక్కున రుద్దాలి. గుండ్రంగా రుద్దకూడదు. అడ్డంగా అసలే రుద్దకూడదు. ముందు ఒక మూల కొంచెం రుద్ది చూసుకుని, బాగుందనిపిస్తేనే ముందుకు పోవాలి. అద్దంలా మెరిసే రకం సింకుకు మాత్రం కాగితం తగలనివ్వకండి. దానికి మెషీన్‌తో బఫింగ్ చేసే పనివాడు కావాలి. ఇంతవరకూ మనం చూసిందంతా పై మెరుపు సంగతి. మెరుపు పోతే తిరిగి తెచ్చుకోవచ్చు.

రెండో ఇల్లు సూర్యాపేటలో. ఇక్కడ సింకు చూడటానికి బాగానే ఉంది. కానీ కింది అలమారలో ఎప్పుడూ తడి. బియ్యం డబ్బా అడుగు తుప్పు పట్టింది. చెక్క తలుపు ఉబ్బింది. బొద్దింకలు చేరాయి. "సింకు కారుతోంది, మార్చేయాలి" అని తీర్మానించారు. తొందరపడొద్దు. కారేది సింకా, అతుకా? ముందు అది తేల్చుకోవాలి.

దీనికి సులువైన పరీక్ష ఉంది. కింద అలమార ఖాళీ చేయండి. సింకు అడుగును, పైపును పొడిగుడ్డతో శుభ్రంగా తుడవండి. కింద పాత న్యూస్ పేపర్ పరవండి. ఇప్పుడు పైన సింకు రంధ్రం గట్టిగా మూసి, సగానికి నీళ్లు పట్టండి. గంటసేపు వదిలేయండి. తర్వాత వంగి కాగితం చూడండి. కాగితం పొడిగా ఉందా? అయితే సింకు తొట్టి గట్టిగానే ఉంది. ఇప్పుడు మూత తీసి నీళ్లు వదిలేయండి. నీళ్లు పోయేటప్పుడు కాగితం తడిసిందా? అయితే తప్పు సింకు రంధ్రానికి బిగించిన వేస్ట్ కప్లింగ్‌దో, వేస్ట్ పైపుదో. అక్కడి రబ్బరు వాషర్ ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగులుతుంది. వాషర్ మారిస్తే చాలు. మరీ పాతదైతే కప్లింగ్ మొత్తం మార్చుకోవాలి. ప్లంబర్‌కు అది చిన్న పని.

మూడో సంగతి ఉంది. తొట్టి కారలేదు. పైపు కారలేదు. అయినా అలమార తడుస్తోంది. అప్పుడు సింకు అంచు చూడండి. సింకూ బండా కలిసే చోట వైట్ సిమెంటు నెర్రెలిచ్చి ఉంటుంది. బోళ్లు కడిగేటప్పుడు చిందిన నీళ్లు ఆ నెర్రెలోంచి కిందికి దిగుతాయి. పాత సిమెంటు గీకేసి, అంచును పూర్తిగా ఆరబెట్టి, సిలికాన్ పూయించండి. ఒక రోజు నీళ్లు తగలనివ్వకండి. ఆరబెట్టకుండా పూస్తే సిలికాన్ పట్టదు. పండగ ముందు హడావిడిలో చేసిన పని పండగ అయిపోగానే ఊడి రావడానికి చాలాసార్లు కారణం ఇదే.

మూడో ఇల్లు మిర్యాలగూడలో. ఇక్కడ ఇంటివాళ్లు శుభ్రతకు ప్రాణమిచ్చే మనుషులు. సింకు తెల్లగా ఉండాలని వారం వారం బాత్రూమ్ యాసిడ్ పోసి కడిగారు. ఇంకొన్నిసార్లు బ్లీచింగ్ నీళ్లు పోసి రాత్రంతా ఉంచారు. మొదట్లో భలే మెరిసింది. తర్వాత అడుగున నల్లటి చుక్కలు వచ్చాయి. అవి మరకలు కావు. గుంటలు. స్టీలు పైపొరకు పెద్ద శత్రువు క్లోరైడు. యాసిడ్‌లో అదే ఉంది. బ్లీచింగ్‌లో క్లోరిన్ ఉంది. మనం తినే ఉప్పులోనూ క్లోరైడే ఉంది. అది పైపొరను ఒక చుక్క మేర చీల్చి లోపలికి దిగుతుంది. పైకి ఆవగింజంత కనిపించే గుంట లోపల ఇంకా లోతుగా తొలిచి ఉంటుంది. సింకు రేకు మందం ఎంతని? చాలా సింకుల్లో మిల్లీమీటరు అటూ ఇటూ. ఆ గుంట అవతలి వైపుకు తేలిందంటే చిల్లే.

ఎట్లా కనిపెట్టాలి? ఇందాక చెప్పిన న్యూస్ పేపర్ పరీక్షే. మూత వేసి ఉండగానే కాగితం మీద చుక్కలు పడ్డాయా? అవి కప్లింగ్ దగ్గర కాకుండా తొట్టి అడుగు నుంచి పడుతుంటే చిల్లు పడినట్టే. పరీక్షలో చుక్క పడకపోయినా, సెల్‌ఫోన్ లైటు వేసి అడుగును కింది నుంచి చూడండి. కింది వైపు కూడా తుప్పు బొట్లు కనిపిస్తే, చిల్లు పడటానికి ఎంతో కాలం పట్టదు. బొటనవేలితో అడుగు గట్టిగా నొక్కండి. రేకు డబ్బాలా లోపలికి పోయి పైకి వస్తోందా? అడుగు సొట్టపడి ఒక పక్క ఎప్పుడూ నీళ్లు నిలుస్తున్నాయా? కప్లింగ్ చుట్టూ పగులు ఉందా? ఇవన్నీ లోహం పోయిన గుర్తులు. లోహం పోతే మార్చుకోవాలి. అట్లాంటి సింకుకు పాలిష్ పట్టిస్తే ఉన్న మందం కూడా అరుగుతుంది. ఎం-సీల్ పెట్టి చిల్లు మూయడం నాలుగు రోజులు గడవడానికి పనికొస్తుంది. పక్కన ఇంకో గుంట తయారవుతూనే ఉంటుంది. పైన రంగు కొట్టిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మన సింకులో మరిగే గంజి వారుస్తాం. చారు గిన్నె, చేపల పులుసు గిన్నె కడుగుతాం. రంగు పెచ్చులు లేచి బోళ్లకు అంటుకుంటాయి.

సరే, మార్చాలని తేలింది. దుకాణానికి వెళ్లే ముందు టేపు తీసుకోండి. సింకును కాదు, బండలో కోసిన గాడిని కొలవండి. పొడవు, వెడల్పు రాసుకోండి. దుకాణంలో 24 కి 18 అంగుళాలని చెప్పేది చాలావరకు సింకు బయటి కొలత. గాడికి సరిపోయే సింకు దొరికితే బండ ముట్టకుండా పని అయిపోతుంది. సరిపోకపోతే బండ కోయాలి. పాత బండ కోసేటప్పుడు చిట్లిందంటే గట్టు మొత్తం మార్చే ఖర్చు నెత్తిన పడుతుంది. మీ సింకు బండకు కింది నుంచి అతికించిన రకమైతే ఇంకా జాగ్రత్త. దాన్ని ఊడదీయడమే పెద్ద పని. కాబట్టి సింకు ధర ఒక్కటే చూసుకోకండి. కోత కూలి, ప్లంబర్ కూలి, కప్లింగ్, పైపు, సిలికాన్ అన్నీ కలిపి అడగండి. ఆ మొత్తాన్ని బాగుచేయించే ఖర్చు పక్కన పెట్టి చూసుకోండి.

లోతు కూడా కొలవండి. ఎనిమిది అంగుళాల సింకు తీసి పది అంగుళాలది పెడితే దాని అడుగు రెండు అంగుళాలు కిందికి వస్తుంది. గోడలోకి పోయే పైపు అంతకంటే పైన ఉంటే నీళ్లు పోవు. నిలుస్తాయి, వాసన వస్తాయి. గోడ పైపు ఎంత ఎత్తులో ఉందో ముందే చూసుకోండి.

దుకాణంలో 304, 202 అనే రెండు నంబర్లు వినిపిస్తాయి. 304 రకంలో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ సుమారు 8 శాతం ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. ధర తక్కువ. ఉప్పుకు, యాసిడ్‌కు తట్టుకునే శక్తీ తక్కువే. కొందరు అయస్కాంతం పెట్టి, "చూడండి, అంటుకోలేదు, ఇది అసలు 304" అంటారు. నమ్మకండి. 202 కూడా అయస్కాంతానికి దాదాపు అంటుకోదు. అయస్కాంతంతో ఈ రెండింటికీ తేడా తెలియదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. ఐఎస్ఐ గుర్తు చూడండి. ఇంటి స్టీలు సింకులకు ఐఎస్ 13983 అనే ప్రమాణం ఉంది. చేత్తో ఎత్తి చూస్తే మందం కూడా కొంత తెలుస్తుంది.

కొత్తది పెట్టినా, పాతది బాగుచేసుకున్నా, ఆ తర్వాత చేయాల్సింది ఒక్కటే. రాత్రి పడుకునే ముందు సింకు కడిగి, పొడిగుడ్డతో తుడవండి. తడి లేకపోతే గార లేదు. ఇనుప పీచును సింకులో వదిలేయకండి. బాత్రూమ్ యాసిడ్‌ను వంటింటి గడప దాటనివ్వకండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చే ఇళ్లలో, కుదిరితే చివరి కడుగు ఆ నీళ్లతో కడగండి. కృష్ణా నీళ్లు మామూలుగా బోరు నీళ్లంత గట్టిగా ఉండవు.

మరొక్కసారి చెబుతాను. తెల్లటి పొర, గోధుమ మరకలు, సన్నటి గీతలు పై మెరుపుకు సంబంధించినవి. తిరిగి తెచ్చుకోవచ్చు. కింద తడి ఉంటే ముందు అతుకులు చూడాలి. వాషర్‌తోనో, సిలికాన్‌తోనో సరిపోవచ్చు. గుంటలు, చిల్లు, పగులు, ఊగే అడుగు ఉంటే లోహం పోయింది. మార్చుకోవాలి.

చివరగా ఒక మనవి. ఇంట్లో సింకు గురించి నిర్ణయం తీసుకునేది ఒకరు, దాని ముందు రోజుకు రెండు మూడు గంటలు నిలబడేది ఇంకొకరు. చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది. మరీ లోతైన సింకు పెడితే అడుగున ఉన్న గిన్నె అందుకోవడానికి ప్రతిసారీ నడుం వంచాలి. మరీ లోతు తక్కువైతే నీళ్లు పొట్ట మీదకి చిందుతాయి. పెద్ద కుక్కరు, అన్నం వండే గుండిగ పట్టకపోతే వాటిని నేల మీద పెట్టుకుని తోమాలి. అందుకే కొనేటప్పుడు రోజూ బోళ్లు తోమే మనిషిని దుకాణానికి వెంట తీసుకెళ్లండి. ఇంట్లో అమ్మ కావచ్చు, భార్య కావచ్చు, పనికి వచ్చే మనిషి కావచ్చు. సింకును గట్టు ఎత్తులో పెట్టించి, ఆమెను ముందు నిలబడమనండి. చేయి అడుగు దాకా చాపమనండి. "నడుం వంగకుండా అందుతోందా?" అని అడగండి. ఆమె అందుతోందంటే ఆ సింకే కొనండి.